నాన్న తలలో రెండు సభలు

ఉప్మాలో ఉప్పు తక్కువైందన్న ఒక్క మాట చెప్పడానికి పురుషోత్తం సార్‌కి చెమటలు కారిపోతున్నాయి. చేతిలో చెంచా వణుకుతోంది, మెడ నరాలు తాళ్లలా పొంగాయి, కళ్లేమో ఎదురుగా పులి కూర్చున్నట్టు ఉప్పు డబ్బా మీదే నిలిచిపోయాయి.

"ఉప్... ఉప్పు!" అని అరిచి, కుర్చీ వెనక్కి పడేంత వేగంగా లేచి నిలబడ్డారు.

సరళ వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది. "ఇగో, ఉప్పే గదా! అడిగితే నేనిస్త గద. ఇల్లు అంటుకున్నట్టు గట్ల అరుస్తరేంది?" పైకి భర్తను కసిరిందే గానీ, గబగబా డబ్బా మూత తీసింది.

చిటికెడు ఉప్పు పళ్లెంలో పడింది. అంతే, నీళ్లు పోసిన పొయ్యిలా ఆయన ముఖంలో భయమంతా చల్లారిపోయింది. కూర్చుని, ఎగశ్వాసతో ఉప్మా తినడం మొదలుపెట్టారు. ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్న సంహితకి వేళ్ల కింద గుర్రం పరిగెడుతున్నట్టు ఉంది. సంహిత ఆయన కూతురు. ఆయన తలలో ఉన్న చిప్పు తయారు చేసింది కూడా ఆమే.

రెండేళ్ల కిందట వానలో బండి జారి తలకు దెబ్బ తగిలే దాకా, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పోటీ పరీక్షలకి పురుషోత్తం సార్ చెప్పే పాలిటీ క్లాసంటే, అంటే రాజ్యాంగం పాఠమంటే, మెట్ల మీద కూడా చోటుండేది కాదు. గొంతు పెంచకుండా, తొందరపడకుండా, ఒకే డౌటుని నలుగురు అడిగితే నాలుగు రకాలుగా చెప్పే మనిషి. దెబ్బ ఆయన నుదుటి వెనక మెదడుకు తగిలింది. కోరికకూ చేతకూ మధ్య 'ఆగు' అని చెప్పే భాగం అదే. అది పోయాక ఆయనకి ఏదనిపిస్తే అది వెంటనే జరిగిపోయేది. డౌటు అడిగిన కుర్రాణ్ణి చెంప మీద కొట్టారు. కదులుతున్న బస్సులోంచి, దిగాలనిపించిందని, దిగేశారు. భార్య మీద గ్లాసు విసిరి, మరుక్షణం ఆమె నెత్తురు చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

అప్పటికే సంహిత నాడీ పరిశోధన కేంద్రంలో మెదడు చిప్పుల మీద పనిచేస్తోంది. ఒకరోజు తెల్లబోర్డు మీద రెండు డబ్బాలు గీసి, లాబ్ హెడ్ డాక్టర్ నిలోఫర్‌ని పిలిచి, ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

"మేడమ్, ఇది కింది సభ. ఆకలి, కోపం, కోరిక, అన్నీ ఇక్కడే పుడతాయి. లోక్‌సభ అనుకోండి. ఇది పై సభ, రాజ్యసభ. నాన్నకి పోయింది ఇదే. కందిపప్పంత చిప్పుతో దీన్ని మళ్లీ కడదాం! కింది నుంచి వచ్చే ప్రతి కోరికనీ ఒక బిల్లులా పట్టుకుంటుంది, రెండు క్షణాలు ఆపుతుంది, వద్దనిపిస్తే వెనక్కి పంపేస్తుంది."

"ఎవరికి వద్దనిపిస్తే?" అంది నిలోఫర్.

"పాత నాన్నకి. ఆయన క్లాసు వీడియోలు, మా ఇంటి వీడియోలు గుట్టలున్నాయి. ఆయన ఎక్కడ ఆగేవారు, ఎక్కడ సరే అనేవారు, అన్నీ చిప్పుకి నేర్పిస్తా. ఆ అలవాట్లే సభ్యులు."

"అరె, బాగుంది. కానీ మీదికి లారీ వస్తే? అప్పుడు కూడా రెండు క్షణాలు చర్చ పెడతావా?"

ఇదే ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నట్టు సంహిత నవ్వింది. "దానికి ద్రవ్య బిల్లు దారి ఉంది కదా మేడమ్! ద్రవ్య బిల్లుని రాజ్యసభ ఆపలేదు, సలహా మాత్రమే ఇవ్వగలదు. అలాగే ఇక్కడ, మెదడులో బాదం గింజంత భయకేంద్రం ఉంటుంది కదా, అది గంట కొడితే పై సభ పక్కకి తప్పుకుంటుంది. లారీ వస్తే భయం, భయం వస్తే దూకడం, మధ్యలో ఎవరూ ఉండరు."

లాబ్ అంతా చప్పట్లు కొట్టింది. ఆపరేషన్ అయ్యాక మొదటి నెల ఇల్లంతా పండగే. ఆయన ఆగుతున్నారు! గ్లాసు విసరబోయి ఆగారు, అరవబోయి ఆగారు. సరళ దేవుడి పటం ముందు కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాతే, ఎప్పుడు మొదలైందో ఎవరూ గమనించలేదు, ఆయన నీళ్లు తాగడానికి కూడా భయపడటం మొదలుపెట్టారు.

ఉప్మా తిన్న ఆ ఉదయమే సంహిత చిప్పు రికార్డులన్నీ లాబ్‌లో పెద్ద తెర మీద పెట్టింది. మొదటి వారాల్లో ఎరుపు చుక్కలు ఎక్కడో ఒకటి. ఒక్కో చుక్క ఒక్కో భయపు గంట. వారాలు గడిచేకొద్దీ చుక్కలు చిక్కబడ్డాయి. ఈ వారం తెరంతా ఎరుపే.

"యార్, ఇది జబ్బు కాదు," అంది నిలోఫర్ మెల్లగా. "ఇది నేర్చుకుంది."

సంహిత తెరకి దగ్గరగా జరిగింది. అవును, నేర్చుకుంది. మామూలుగా అడిగితే, వీడియోల్లో కనిపించనిదాన్నల్లా పై సభ ఆపుతోంది, భయంతో అడిగితే ఆపడం లేదు. మరి కింది సభ ఏం చేస్తుంది? ప్రతి కోరికకీ భయం ముద్ర కొట్టి పంపుతుంది. దాహమైతే ఎడారిలో చస్తున్నట్టు, ఉప్పు కావాలంటే పులి ఎదురైనట్టు. ఆయన తల పగలంతా అబద్ధపు గంటలు కొట్టుకుంటోంది, ఆ గంటలన్నిటికీ నిజమైన గుండె పరిగెడుతోంది. ఆ గుండె ఇలాగే పరిగెడితే ఎక్కువ కాలం నిలవదని నిన్ననే గుండె డాక్టరు ముఖం మీద చెప్పేశాడు.

"చిప్పు ఆపేద్దామా?"

"ఆపితే మళ్లీ కదిలే బస్సు దిగుతారు మేడమ్."

"సరే, అయితే ద్రవ్య బిల్లు దారి మూసెయ్. పై సభకే పూర్తి అధికారం ఇచ్చెయ్. చూద్దాం."

ఆ మధ్యాహ్నమే పురుషోత్తాన్ని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి ఆ దారి మూసేశారు. మూసిన మరుక్షణం ఆయన భుజాలు దిగాయి, నుదుటి మీద ముడతలు పోయాయి, కళ్లు నెమ్మదించాయి. సంహితకి ఏడుపొచ్చేసింది, ఎందుకంటే ఎదురుగా కూర్చున్నది అచ్చంగా వీడియోల్లోని నాన్న!

"నాన్నా, ఎట్లున్నది?"

"మంచి ప్రశ్న," అన్నారాయన చిరునవ్వుతో. "దీన్ని రేపటి క్లాసుల చూద్దాం."

"నీళ్లు తాగుతావా?"

"రేపటి క్లాసుల చూద్దాం."

పెదాలు ఎండిపోయి ఉన్నాయి. గ్లాసు చేతికందేంత దూరంలోనే ఉంది. చెయ్యి లేవలేదు. నిలోఫర్ ఏమనుకుందో, మూలనున్న పరికరాల బండిని ఆయన వైపు గట్టిగా తోసింది. బండి గడగడమంటూ వస్తోంది, ఆయన దాన్ని చూస్తున్నారు, దాని చక్రాలను శ్రద్ధగా గమనిస్తున్నారు, కాలు మాత్రం కదపడం లేదు! సంహిత అడ్డం దూకింది. బండి ఆమె మోకాలికి తగిలి ప్రాణం పోయినంత పనయింది.

"రేపటి క్లాసుల..." అన్నారు నాన్న, అదే చిరునవ్వుతో.

"తెరిచెయ్యండి మేడమ్! దారి తెరిచెయ్యండి!"

ఇంటికొచ్చాక సంహిత మంచమ్మీద ముడుచుకుని కూర్చుంది. తెరిస్తే గుండె పోతుంది. మూస్తే మనిషి బొమ్మవుతాడు. ఆపేస్తే రోడ్డు మీద పోతాడు. ఎటు చూసినా దారి లేదు.

పక్క గదిలో నాన్న కిటికీ రెక్క తెరవాలనుకుని గజగజలాడుతున్నారు. ఒక్క పాఠం చెప్పేటప్పుడే ఆయన వణకరు. ఎన్నో వేల సార్లు చెప్పిన పాఠం కాబట్టి పై సభ దానికి అడ్డు చెప్పదు, అడ్డు లేని చోట కింది సభకి భయం ముద్రతో పనే లేదు. సంహిత లేచి ఆ గదిలోకి వెళ్లి, కిటికీ తెరిచి, కుర్చీలో ఉన్న ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"సార్, ఒక డౌట్."

ఆయన వెన్ను నిటారైంది. "చెప్పమ్మా."

"లోక్‌సభకి ఎక్కువ పవరా, రాజ్యసభకా?"

"ఏ విషయంల అని అడగాలె ముందు," అన్నారాయన, చూపుడువేలు పైకెత్తి. వణుకు ఆగిపోయింది. "ప్రభుత్వాన్ని దించుడు లోక్‌సభ చేతిల ఉన్నది. పైసల ముచ్చట లోక్‌సభదే. మామూలు బిల్లు మీద తగువొస్తే ఇద్దర్నీ ఒక్కకాడ కూసోబెడ్తరు, అక్కడ మంది ఎక్కువున్న లోక్‌సభ మాటే నెగ్గుతది. అయితే రాజ్యసభ ఊకెనే ఉన్నదా? రాష్ట్రాల జాబితాల వేలు పెట్టాలంటే దాని పర్మిషన్ గావాలె. దాన్ని ఎవడూ రద్దు చెయ్యలేడు."

"సార్, ఒక లోక్‌సభ ఉందనుకోండి, ప్రతి బిల్లునీ ద్రవ్య బిల్లే అని పంపిస్తోంది. అప్పుడు?"

"అది ద్రవ్య బిల్లని ముద్ర కొట్టేది ఎవరు?"

"స్పీకర్."

"ఏ సభ స్పీకర్?"

"లోక్‌సభ..." అని సంహిత ఆగిపోయింది. భయకేంద్రం ఉన్నది కింది సభలోనే. ముద్ర కొట్టే అధికారం, ఆ ముద్ర వల్ల లాభపడేవాళ్ల చేతుల్లోనే పెట్టింది! పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దింపేసింది, చప్పట్లు కూడా కొట్టించుకుంది.

పురుషోత్తం పకపకా నవ్వారు. "ఇగ అడిగేటోడు ఎవడు? నేను స్పీకరైతే టిఫిన్ బిల్లుకు గూడ గదే ముద్ర కొడ్త." నవ్వుతూనే కూతురి ముఖం చూశారు, నవ్వు సన్నబడింది. "గిది... నా తలకాయ ముచ్చటనా బిడ్డా?"

పాఠం దాటి సొంత విషయంలోకి రాగానే చెమట మొదలైంది. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

"అవును నాన్నా."

"ముద్ర... తీసెయ్. తగువొస్తే రెండిటినీ... ఒక్కకాడ కూసోబెట్టు."

"ఆ ముద్ర నా చేతిలో పెట్టుకోనా? నేను రోజంతా చూస్తూ—"

"వద్దు!" ఆయన దవడలు వణికాయి. "గది రాష్ట్రపతి పాలన అయితది."

ఏడుపు ఆపుకుంటున్న సంహితకి నవ్వొచ్చేసింది. గుమ్మంలో నిలబడ్డ సరళ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇంకోటి," అన్నారాయన, పళ్లు బిగించి, ఒక్కో మాటా బావిలోంచి తోడినట్టు. "పై సభ... ఎన్నడూ రద్దు గాదు. గని రెండేండ్లకోపారి... మూడో వంతు దిగిపోతరు. కొత్తోళ్లు వస్తరు. నీ పై సభల... కొత్తోళ్లు ఎవరన్న వచ్చిన్రా?"

సంహిత తల దించుకుంది. ఎవరూ రాలేదు. అందరూ వీడియోల్లోని పాతవాళ్లే, రెండేళ్ల కిందటి వాళ్లే. ఆమెకి పాత నాన్నే కావాలి, అచ్చంగా ఆ నాన్నే. చిప్పులో కట్టింది సభని కాదు, ఆల్బమ్‌ని. దెబ్బ తగిలిన తర్వాత ఆ కుర్చీలో బతుకుతున్న ఈ మనిషికి తన తలలోనే ఒక్క సీటు లేదు.

మర్నాడు లాబ్‌లో నిలోఫర్ అంతా విని, చిప్పు రికార్డులు మళ్లీ తెర మీదకి తెచ్చింది.

"ముద్ర తీసేసి, తగువొస్తే రెండు సభలూ కలిసి తేల్చుకోవాలంటే ప్రతిదానికీ ఒక చిన్న ఆలస్యం ఉంటుంది, లారీకి కూడా. తెలుసు కదా? ఈ మార్పుకి ఆయన అంగీకారం కావాలి. ఏ స్థితిలో అడుగుతావు? చిప్పు ఉంటే భయం మాట్లాడుతుంది, తీస్తే ఆవేశం మాట్లాడుతుంది."

కుర్చీలో వణుకుతున్న పురుషోత్తమే జవాబిచ్చారు. "రాజ్యాంగ సవరణ గిది. దీనికి... ఒక్కకాడ కూసోబెట్టుడు నడవదు. రెండు సభలు... ఏరేరుగ ఒప్పుకోవాలె. గీడ మాత్రం... ఇద్దరూ సమానమే."

నిలోఫర్ సంహిత వైపు చూసింది. విడివిడిగా అడగాలి, ఎవరు వదులుకోవాల్సింది వాళ్లనే. ఏ ఒక్కరు కాదన్నా సవరణ లేదు, సవరణ లేకపోతే ఆ గుండె లేదు.

ముందు కింది సభ. చిప్పు పూర్తిగా ఆపేశారు. పురుషోత్తం ఎగిరి లేచారు, తలకున్న తీగలు పీకేశారు, ట్రే విసిరికొట్టారు. "ఎందుకు కట్టేసిన్రే నన్ను! కుక్కనా నేను?" సంహిత గోడకి ఆనుకుపోయింది. ఇదే ఆమె రెండేళ్లుగా కలలో కూడా భయపడ్డ గొంతు. ఇది ఒప్పుకోదు, చచ్చినా ఒప్పుకోదు అనుకుంది.

సరళే ముందుకొచ్చింది. "ఇగో, నా దిక్కు చూడున్రి. గా భయం ముద్ర తీసేద్దామంటున్నది బిడ్డ. తీస్తే మీరు అడిగినయన్ని ఎంటనే గావు. జర ఆగాలె. ఒప్పుకుంటరా?"

"భయమా?" ఆయన ఆగారు. ఆపే చిప్పు లేకుండానే ఆగారు. కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. "ఎవనిక్కావాలె గా ముద్ర! అరిచి అరిచి నాకే పానం పోతున్నది సరళా. తీస్కపొండ్రి. నన్ను కొంచెం నిమ్మళంగ ఉండనియ్యిన్రి."

అంత సులువుగా! రాక్షసి అనుకున్న ఆ కింది సభ ఒక్క మాటతో కిరీటం తీసి కింద పెట్టేసింది.

ఇక పై సభ. చిప్పు వేశారు, భయం దారి మూశారు. ఆ ప్రశాంతమైన చిరునవ్వు మళ్లీ వచ్చింది, ఆమె చిన్నప్పటి నుంచీ ప్రేమించిన చిరునవ్వు.

"నాన్నా, పై సభలో మూడో వంతు దిగిపోవాలి. ఒప్పుకుంటావా?"

"మంచి ప్రశ్న. రేపటి క్లాసుల చూద్దాం."

"నాన్నా, నీ గుండె—"

"రేపటి క్లాసుల చూద్దాం."

నిలోఫర్ గడియారం చూసింది. పాత అలవాట్లకి ఎప్పుడూ చేయని పని చేయమంటే ఒకే జవాబు, రేపు. మరి ఆయన ఎప్పుడూ చేసిన పని ఏది? సంహిత కుర్చీ లాక్కుని, విద్యార్థుల్లా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

"సార్, ఒక డౌట్. రాజ్యసభలో సభ్యులెవరూ ఎప్పటికీ దిగిపోకపోతే ఏమవుతుంది?"

"మంచి ప్రశ్న." ఆయన వేలు పైకెత్తారు. "సభ అంటే నడుస్తున్న కాలానికి జవాబు చెప్పేది. మనుషులు మారకపోతే ఎన్నడో సచ్చిపోయిన కాలానికి జవాబు చెప్తుంటది. అందుకే దిగాలె."

"ఎవరు దిగాలి సార్? ఎవరు మంచోళ్లో చూసి ఉంచుకోవచ్చు కదా?"

"ఎవరు చూస్తరు? చూసేటోనికి నచ్చినోళ్లే మిగుల్తరు. మొట్టమొదటి రాజ్యసభల చీటీలు వేసిన్రు. చీటీల పేరొస్తే ఎంత పెద్దమనిషైనా దిగవల్సిందే."

సంహిత ఇంకొంచెం ముందుకు జరిగింది. "సార్... మరి మీరు దిగుతారా?"

ఆయన వేలు గాల్లోనే ఆగిపోయింది. తెర మీద గీతలు చెలరేగాయి, ఒకదాని మీద ఒకటి, లోపల వందమంది ఒకేసారి లేచి మాట్లాడుతున్నట్టు. ఆయన పెదాలు 'రేపు' అనడానికి విడివడ్డాయి. మూసుకున్నాయి. మళ్లీ విడివడ్డాయి. క్లాసులో డౌటు అడిగినవాడిదే కరెక్టయితే, బోర్డు తుడిచి మళ్లీ రాసే మనిషి కదా ఆయన. ఎన్ని వీడియోల్లో తుడిచారు!

"దిగుత," అన్నారు చివరికి. "మూడో వంతు."

నిలోఫర్ కీబోర్డు సంహిత ముందుకు జరిపింది. తెర మీద పేర్లు లేవు, ఒక్కో అలవాటుకీ ఒక్కో అంకె మాత్రమే. వీటిలో ఏదో ఒకటి గొంతు పెంచని నాన్న. ఏదో ఒకటి ఆమె జ్వరంతో ఉంటే తలుపు దగ్గరే కుర్చీ వేసుకున్న నాన్న. ఏదో ఒకటి డౌటు అడిగితే మురిసిపోయే నాన్న.

"నీకు తెలుసు కదా ఏ అంకె ఏదో," అంది నిలోఫర్ చిన్నగా. "కావాలంటే..."

సంహితకి తెలుసు. సగానికి పైగా తెలుసు. వేళ్లు దురద పెట్టాయి. కళ్లు గట్టిగా మూసుకుని, చీటీలు వేయమని మెషీన్‌కే చెప్పేసింది.

భయం ముద్ర తీసేసి, తగువొస్తే రెండు సభలూ కలిసి తేల్చుకునేలా మార్చి, ఆ వారమంతా ఆయన్ని అక్కడే ఉంచారు. తెర మీద ఎరుపు కరిగిపోతూ వచ్చింది, నాడి మనిషి నాడిలా కొట్టుకుంది. ఖాళీ అయిన సీట్లలోకి ఈ రెండేళ్ల మనిషి మెల్లగా చేరుతున్నాడు, కోపమూ ఏడుపూ వెంటేసుకుని. ఒక పొద్దున ఆయన కిటికీ దగ్గర నిలబడి ఈల వేస్తుంటే సరళ చేతిలోని బట్టలు జారవిడిచింది.

"పెండ్లైనకాడి నుంచి చూస్తున్న, ఎన్నడూ ఈలెయ్యలే. ఏడ నేర్చిన్రు?"

"ఏమో. వచ్చింది."

సరళ నవ్వింది. సంహిత నవ్వలేకపోయింది. వచ్చిందేదో వినిపిస్తోంది. పోయిందేదో ఎవరికి వినిపిస్తుంది? ఏదో ఒకరోజు, ఏదో ఒక మాట దగ్గర, ఆయన ఆగాల్సిన చోట ఆగకపోతే అప్పుడు తెలుస్తుంది.

ఇంటికి పంపిన రోజు సరళ ఆటో కోసం గేటు దాకా వెళ్లింది. తండ్రీ కూతుళ్లు మెట్ల మీద నిలబడ్డారు. సంహిత ఇక ఉండబట్టలేకపోయింది.

"నాన్నా, అడగకుండా నీ తలలో నాకు నచ్చిన మనిషిని పెట్టాను. ఇప్పుడు నీలో మూడో వంతు తీసేశాను. నా మీద కోపంగా ఉందా?"

పాత నాన్నయితే వెంటనే తల నిమిరి 'లేదు బిడ్డా' అనేవారు. దెబ్బ తగిలిన నాన్నయితే ఈపాటికి చెంప పగిలేది. ఈయన మెట్టు మీద కూర్చుని, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, నేల వైపు చూస్తున్నారు.

"ఉన్నది," అన్నారు. ఆయన తల ఎత్తి చూశారు, భయం లేని కళ్లతో, ఆమెకి ఇంకా పరిచయం లేని కళ్లతో.

"ఎంతున్నదో ఇంక తేలలే. లోపట మాట్లాడుకుంటున్నరు. కూసో."

ఆమె పక్కన కూర్చుంది. గేటు దగ్గర ఆటో ఆగి హారన్ కొట్టింది. ఆయన లేవలేదు, ఆమె కూడా లేవలేదు.